ఎడమ చెంప

పోయిన నెల మా అమ్మాయిని వెంటబెట్టుకొని సూర్యాపేటలో కొత్తగా తెరిచిన చర్మం డాక్టరు దగ్గరికి వెళ్ళాను. హాస్టల్లో ఉండగా దానికి ఆటలమ్మ పోసింది. తగ్గి ఇంటికి వచ్చింది గానీ ముఖం మీద గోధుమరంగు మచ్చలు మిగిలాయి. ఆ చోటు దవాఖానలా లేదు. అద్దాల తలుపు, లోపల చల్లటి గాలి, గోడల నిండా గుడ్డు పెంకులాంటి చెంపలున్న ఆడవాళ్ళ బొమ్మలు. చీటీ రాసే పిల్ల నా కూతురి ముఖం చూసింది, తర్వాత నా ముఖం చూసింది. "ఆంటీ, ఇద్దరికీ రాయమంటరా?" అంది. అమ్మాయికొక్కదానికే అన్నాను. "మీరు గూడ చూపిచ్చుకోరాదు ఆంటీ, ఎట్లాగూ వచ్చిన్రు గద," అని నవ్వింది. కూరగాయల అంగట్లో కొత్తిమీర కట్ట కొసరు వేసినట్టు చెప్పింది. ఆ పిల్ల ముక్కుపుడకతో సహా గుర్తుపెట్టుకున్నాను. నాకు పేర్లు గుర్తుండవు, పండుగలు ఏ నెలలో వస్తాయో గుర్తుండదు, ఎవరు నన్ను ఏమన్నారో మాత్రం వాళ్ళు కూర్చున్న పీటతో సహా గుర్తుంటుంది. మా ఆయన దీన్ని రోగమంటాడు. ఆయన అలా అన్నది కూడా నాకు గుర్తే.

డాక్టరమ్మ చిన్న వయసు మనిషి, కోదాడ అవతల ఆంధ్రా ఊళ్ళ మాట. అమ్మాయి ముఖం మీద దీపం పెట్టి చూసి, "ఇవి పైపై మచ్చలండీ, వాటంతటవే పోతాయి. నువ్వు ఎండ తగలనివ్వకమ్మా, పక్కులు గిల్లకు, ఎవరో చెప్పారని ట్యూబులు కొని పూయకు. అంతే," అని ఒక మామూలు లేపనం రాసింది. ట్యూబుల మాట వినగానే అమ్మాయి చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. అది గమనించిందో ఏమో, దీపం నా వైపు తిప్పింది. ఒద్దనే లోపలే గడ్డం పట్టుకొని అటూ ఇటూ చూసింది. "మీవి బాగా పాతవి. అవునూ, ఎడమ చెంప మీదే ఇన్ని గుంటలున్నాయేంటండీ? కుడివైపు మూడో నాలుగో ఉన్నాయి, అంతే," అంది. నా వయసు యాభై దాటింది. ఈ ముఖాన్ని కన్నవాళ్ళు చూశారు, కట్టుకున్నవాడు చూశాడు, పెళ్ళిళ్ళలో పేరంటాళ్ళలో ఊరంతా చూసింది. ఎడమవైపే ఎందుకని అడిగిన మొదటి మనిషి ఆమె. జవాబు చెప్పాలంటే చాలాసేపు పడుతుంది, బయట ఇంకా పదిమంది కూర్చున్నారు. "ఏమో అమ్మా," అన్నాను. ఆమెకు చెప్పని జవాబు ఇది.

అప్పుడు నాకు పందొమ్మిదేళ్ళు, మా చెల్లెకు పదహారు. మా నాన్న మార్కెట్ యార్డులో గుమాస్తా. పెసలూ కందులూ బస్తాలకెత్తే ఎండాకాలంలో ఆయన ఇంటికి రావడం తక్కువ, వచ్చినా తుమ్ములతో వచ్చేవాడు. ఆ ఎండల్లోనే నాకు జ్వరం వచ్చి, వీపు మీద నీటి పొక్కులు లేచాయి. అమ్మ చూసి దూరం జరిగింది. ఆమెకు చిన్నప్పుడు పోయలేదు, పెద్దయ్యాక పోస్తే ప్రాణం మీదికి వస్తుందని భయం. గుమ్మానికి వేపమండలు కట్టారు. ఇంట్లో తాలింపు ఆపేశారు, చప్పటి పప్పు, పెరుగన్నం. అద్దాన్ని గోడవైపు తిప్పేశారు. సూది మందు వేయించకూడదు, గోలీలు మింగకూడదు. అమ్మవారు తనంతట తాను వచ్చింది, తనంతట తానే పోవాలి. నన్ను చూసుకోవడానికి పోసి తగ్గిన మనిషి కావాలని మిర్యాలగూడ నుంచి మా మేనత్తను పిలిపించారు. ఆమె మా నాన్నకు అక్క. ఆమె వచ్చిన రోజే చెల్లెకు కూడా జ్వరం తగిలింది.

మా అత్తకు ఒక్కడే కొడుకు, ఆడపిల్లలు లేరు. చెల్లె ఊయలలో ఉన్నప్పుడే "ఇది నా కోడలు" అని వేలికి ఉంగరం తొడిగిందట. నేను అప్పటికే నడుస్తున్నాను, నా వేళ్ళు కూడా అక్కడే ఉన్నాయి. చెల్లె తెలుపు. అలాంటిలాంటి తెలుపు కాదు, ఎండలో నిలబడితే చెవి తమ్మెల్లో వెలుతురు కనిపించేది. నేను మా అమ్మ రంగు. అత్త గదిలోకి వచ్చి ఇద్దరినీ చూసి, చెల్లె పక్కన కూలబడి, నా వైపు తిరిగి మొదట అన్న మాట: "ఎక్కడ తిరిగి తెచ్చినవే? తెచ్చి దీనికి అంటిస్తివి!" నాకు ఒళ్ళు కాలిపోతోంది, అయినా ఊరుకోలేదు. "అమ్మవారే వచ్చిందంటిరి గదత్తా. మల్ల నేను తెచ్చుడేంది?" అన్నాను. అత్త లెంపలేసుకుంది. నాకు కాదు, దేవతకు. "నోరు జూడు దీనిది! మొఖం నిండ అమ్మ కూసున్నా నోరు మూతపడ్తలేదు," అంది.

మమ్మల్ని వెనక గదిలో వేపాకు పరిచిన చాపల మీద పడుకోబెట్టారు. ఆ గదికి ఒక కిటికీ, ఆ కిటికీ కింద చెల్లె చాప. ఆటలమ్మ పోసిన వాళ్ళకు నొప్పి కంటే దురద ఎక్కువ. ఒళ్ళంతా చీమల పుట్ట మీద పడుకున్నట్టు ఉంటుంది. గోకితే పొక్కు చితుకుతుంది, చితికిన చోట పక్కు కడుతుంది, ఆ పక్కును మళ్ళీ గిల్లితే గుంట మిగులుతుంది. ఇది మా అత్తకు బాగా తెలుసు. అందుకే పాత పంచె చింపి చెల్లె చేతులు రెండూ మెత్తగా మూటకట్టింది. పక్కన కూర్చొని వేపమండతో నెమ్మదిగా నిమిరేది. చెల్లె ఏడిస్తే, "నా తల్లి గద, నా బంగారం గద, గోకొద్దు బిడ్డా, బుగ్గ ఖరాబయితది," అనేది. ఆమె వీపు నా వైపు ఉండేది. ఆ వీపు నాకిప్పటికీ కళ్ళకు కట్టినట్టుంటుంది. ఆకుపచ్చ జాకెట్టు, కుడి భుజం దగ్గర కుట్టు విడిపోయి ఉండేది.

నా చేతులు ఎవరూ కట్టలేదు.

అమ్మ గడప అవతల నిలబడి చూసేది. ఆడబిడ్డకు ఎదురు చెప్పే మనిషి కాదు. ఒకనాటి మధ్యాహ్నం మాత్రం, "వదినె, పెద్దది గోక్కుంటున్నది. దానివి గూడ జర కట్టు," అంది. అత్త వెనక్కు తిరగలేదు. "దానికేమైతదే? నల్ల మొఖం మీద మచ్చలు కానొస్తయా? చీకట్ల కాకి. ఎవడు జూస్తడు!" అని తన మాటకు తానే నవ్వింది. అమ్మ కూడా కొంచెం నవ్వింది. ఆ నవ్వు భయంతో నవ్విందని తర్వాత చాలాసార్లు సర్దిచెప్పుకున్నాను, సరిపడలేదు. కాసేపటికి అమ్మ ఒక పాత గుడ్డ ముక్కను గదిలోకి విసిరింది. "నువ్వే కట్టుకో బిడ్డా," అంది మెల్లగా.

ఎవరైనా ప్రయత్నించి చూడవచ్చు. ఎడమ చేత్తో గుడ్డను పట్టుకొని, కొస పళ్ళతో లాగి, కుడి చేతిని కట్టుకోవచ్చు. నేను కట్టుకున్నాను, ముడి గట్టిగానే పడింది. ఎడమ చేతిని కట్టడానికి మాత్రం ఇంకొక మనిషి కావాలి. చెల్లె ఉంది గానీ దాని చేతులు మూటల్లో ఉన్నాయి. మెలకువగా ఉన్నంతసేపు ఎడమ చేతిని నడుము కింద వేసుకొని పడుకునేదాన్ని. నిద్రపట్టాక ఆ చెయ్యి తన పని తాను చేసుకునేది. పొద్దున లేచేసరికి గోళ్ళలో నెత్తురు ఉండేది. డాక్టరమ్మ అడిగిన దానికి జవాబు ఇదే. అంతకంటే పెద్ద రహస్యమేమీ లేదు.

పక్కులు ఎండాక వేపనీళ్ళు పోశారు. పోచమ్మ గుడి ముందు బెల్లం నీళ్ళు సాక పోసి అమ్మవారిని చల్లగా సాగనంపారు. అద్దం మళ్ళీ ముందుకు తిరిగింది. ఇద్దరి ముఖాల మీదా మచ్చలున్నాయి. చెల్లెకు ఎర్రగా చుక్కలు పడ్డాయి, గుంటలు లేవు. నాకు ఎడమ చెంప చినుకులు పడిన దుమ్ములా అయింది. అయినా ఇంట్లో అందరూ చెల్లె ముఖం చూసే ఏడ్చారు. అత్త మిర్యాలగూడ పోలేదు. "దీని మొఖం మునుపటి లెక్క అయినంకనే పోత," అని కూర్చుంది. ఇక వైద్యం మొదలైంది. పొద్దున్నే ఒక కొబ్బరికాయ కొట్టి ఆ నీళ్ళతో చెల్లె ముఖం తుడిచేది. తర్వాత పాలమీగడలో కస్తూరి పసుపు, సాయంత్రం గంధం. కొబ్బరి నీళ్ళు చెల్లెకు, కొబ్బరి ముక్కలు నాకు. పారేయడం ఎందుకని నన్ను తినమనేది. ఆ ఎండాకాలం నేను తిన్నంత కొబ్బరి ఎవరూ తిని ఉండరు. ఇప్పటికీ ఇడ్లీలోకి కొబ్బరి చట్నీ వేస్తే గిన్నె పక్కకు జరుపుతాను. హోటలువాళ్ళు కారణమడిగితే చెప్పడానికి కుదరదు.

గంధాలు నెమ్మదిగా పనిచేస్తాయి. అత్తకు అంత ఓపిక లేదు. కొడుకుకు సంబంధాలు వస్తున్నాయి, వాళ్ళ ఇంటి మగవాళ్ళు పిల్లను మళ్ళీ చూడాలంటున్నారు. ఒకసారి మిర్యాలగూడ పోయి, వాళ్ళకు తెలిసిన మందుల దుకాణం నుంచి చిన్న ట్యూబు తెచ్చింది. డాక్టరు రాసింది కాదు, దుకాణంవాడు ఇచ్చింది. ఆ ట్యూబు పెట్టిన కొద్ది రోజులకే చెల్లె ముఖం మీద చుక్కలు మాయమయ్యాయి. మాయమవడమే కాదు, చర్మం నిగనిగలాడింది. వాకిట్లోకి వచ్చిన ప్రతి ఆడమనిషీ ఏం పెట్టారని అడిగింది. అత్త గెలిచినట్టు తిరిగింది. నాకూ ఆశ పుట్టింది. ఒకనాడు అందరూ బయట ఉన్నప్పుడు ట్యూబు మూత తీసి వేలి కొసకు ఇంత తీసుకున్నాను. అత్త ఎప్పుడు వచ్చిందో, నా మణికట్టు పట్టుకొని ఆ వేలిని తన చీర కొంగుకు తుడిచేసింది. "నీకెందుకే ఇది? ఊకె ఖరాబు. దానికి సాలాలె," అంది.

ఆ అవమానమే నా ముఖాన్ని కాపాడింది. ఇది నాకు తెలియక కాదు. అయినా ఆమెకు కృతజ్ఞత చెప్పవలసిన అవసరం నాకు కనిపించదు. నన్ను కాపాడదామని ఆమె ఆ వేలు తుడవలేదు.

అత్త ఇంటికి వెళ్ళిపోయింది, ట్యూబులు మాత్రం మిర్యాలగూడ బస్సులో వస్తూనే ఉన్నాయి. ఒకటి అయిపోయి రెండోది రావడం ఆలస్యమైతే చెల్లె ముఖం మంటపుట్టేది. మళ్ళీ పూస్తే చల్లబడేది. అలా రెండో ఎండాకాలం వచ్చేసరికి చెంపల మీద సన్నటి ఎర్ర నరాలు తేలాయి, చిన్న చిన్న కురుపులు, చెవుల ముందు నూగు వెంట్రుకలు. పొయ్యి దగ్గర కూర్చోలేదు, ఎండలో నడవలేదు. తోలు ఉల్లిపొర అయింది. చివరకు నాన్న హైదరాబాదు తీసుకెళ్తే, అక్కడి డాక్టరు ట్యూబు చూసి తన ముందే చెత్తబుట్టలో వేయించాడట. ఈ మందు ముఖానికి పూసేది కాదు, ఆపితే కొన్నాళ్ళు నరకం కనిపిస్తుంది, ఆపకపోతే ఎప్పటికీ ఇంతే, అన్నాడట. ఆపారు. ఆ కొన్నాళ్ళూ చెల్లె చీకటి గదిలో తడిగుడ్డ వేసుకొని పడుకుంది. ఈసారి దాని పక్కన కూర్చున్నది నేను. మంట తగ్గింది గానీ ముఖం తిరిగి రాలేదు.

అత్త చూడటానికి వచ్చింది. గుమ్మంలోనే ఆగింది. "ఎండల తిరిగినట్టున్నది. చెప్తే ఇంటరా ఈ కాలం పిల్లలు," అంది. అంతే. మంచినీళ్ళు కూడా తాగకుండా బస్సుకు పోయింది. ఆ ఏడాదే కొడుకుకు ఖమ్మం పిల్లను చేసింది. పెళ్ళి కార్డు మామయ్య తెచ్చాడు. చెల్లె వేలి ఉంగరం అప్పటికి పట్టదు, డబ్బాలో ఉండేది. దాన్ని తీసి మామయ్య చేతిలో పెట్టింది. ఆయన దాన్ని ఏం చేయాలో తెలియక జేబులో వేసుకొని, మళ్ళీ తీసి, మళ్ళీ వేసుకున్నాడు.

నేను పెళ్ళికి పోయాను. తిట్టడానికే పోయాను, తిట్టలేకపోయాను, సన్నాయి గట్టిగా ఉంది. అక్కడినుంచి నేరుగా ఆ మందుల దుకాణానికి పోయాను. "మా చెల్లె మొఖానికి ఏం మందిచ్చినవ్?" అని అడిగితే వాడు నన్ను పైనుంచి కిందికి చూశాడు. "చీటీ ఉన్నదా? నేనిచ్చినట్టు ఎవరన్నా చూసిన్రా? మీ మొఖానికి గూడ నేనే ఇచ్చిననా ఏంది?" అన్నాడు. పక్కనున్నవాళ్ళు నవ్వారు. పై అధికారులకు అర్జీలు పెట్టాను. ఎన్ని పెట్టానో చెప్పను, పెట్టడం మాత్రం మానలేదు. చివరికి దుకాణం పేరు మారింది, బోర్డు రంగు మారింది. లోపల కూర్చున్న మనిషి మారలేదు.

చెల్లె పెళ్ళి చేసుకోలేదు. మధ్యలో ఆపిన చదువు ప్రైవేటుగా పూర్తిచేసి, మేళ్లచెరువు దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీలో లెక్కల పనికి చేరింది. కోదాడలో చిన్న ఇల్లు, పొద్దున ఫ్యాక్టరీ బస్సు, సాయంత్రం ఫ్యాక్టరీ బస్సు. ఆ ఉద్యోగమే ఎందుకని ఒకసారి అడిగాను. "గాడ దుమ్ముకు అందరూ మొఖానికి గుడ్డ కట్టుకుంటరక్కా. నన్నెవ్వరు అడగరు," అంది. ఆ తర్వాత కరోనా వచ్చి లోకమంతా మూతికి గుడ్డ కట్టుకున్నప్పుడు ఫోన్ చేసి నవ్వింది. "అందరు నా తొవ్వకే వచ్చిన్రు సూడు," అంది. మళ్ళీ లోకం గుడ్డలు విప్పేసింది. మా చెల్లె విప్పలేదు.

నిరుడు చలికాలం మిర్యాలగూడ నుంచి బావ ఫోన్ చేశాడు. అంటే అత్త కొడుకు. అత్తకు షుగరుతో రెండు కళ్ళూ పోయాయి, కిడ్నీలు కూడా మొరాయించాయి, ఇక ఎన్నో రోజులు లేవు. "చిన్నదాన్ని రమ్మను, చిన్నదాన్ని రమ్మను అని ఒక్కటే పాట. జర తోలుకరా," అన్నాడు. కోదాడకు ఫోన్ చేశాను. చెల్లె బావ అన్న మాటలన్నీ మళ్ళీ చెప్పించుకుంది. తర్వాత, "చూసే కండ్లున్నప్పుడు గుమ్మంలకెల్లి మర్లిపోయింది. ఇప్పుడు కండ్లు లేనప్పుడు నేను పోయి ఏం చూపియ్యాలె? నేను రాను. నువ్వు పోతే పో," అంది. నేను పోయాను. ఎందుకు పోయానో దాచుకోను. ఇన్నేళ్ళుగా ఒక మాట వినాలని ఉంది నాకు. చెల్లెకు అన్యాయం జరిగింది, అది ఊరంతా ఒప్పుకుంటుంది. నాకు కూడా జరిగిందని ఒక్కరు ఒప్పుకోవాలి. ఆ ఒక్కరు మా అత్తే అయి ఉండాలి, ఇంకెవరు అన్నా చెల్లదు. ఆమె పోతే ఆ మాట కూడా ఆమెతో పోతుంది.

వాళ్ళ ఇల్లు రైసుమిల్లుల వెనక ఉంటుంది. ఉడికిన వడ్ల వాసన ఆ వీధిలో గోడలకు కూడా పట్టి ఉంటుంది. ఊక కాలిన నల్లటి నుసి గాలికి వచ్చి ఆరేసిన బట్టల మీద, మంచినీళ్ళ బిందె మూత మీద, ముసలివాళ్ళ దుప్పటి మీద వాలుతుంది. అత్త మంచం వసారాలో వేశారు. మనిషి సగమైంది. ఆ ఆకుపచ్చ జాకెట్టు వీపు ఎక్కడా లేదు, దుప్పటి కింద నాలుగు ఎముకలున్నాయి. బావ ఆమె చెవి దగ్గర వంగి, "అమ్మా, సూర్యాపేట నుంచి వచ్చిన్రు," అన్నాడు. ఎవరు వచ్చారో చెప్పలేదు. అత్త చెయ్యి దుప్పటిలోంచి బయటికి వచ్చి గాలిలో వెతికింది. నేను ముఖం దగ్గరికి తీసుకెళ్ళాను. ఆ వేళ్ళు నా నుదురు తడిమాయి, ముక్కు తడిమాయి, ఎడమ చెంప మీదికి వచ్చి అక్కడ ఆగిపోయాయి. గుంట గుంటా తడిమింది, పప్పులో రాళ్ళు ఏరినట్టు.

"ఇంక పోలేదా బిడ్డా మచ్చలు?" అంది. చూపు లేని కళ్ళలోంచి నీళ్ళు చెవుల వైపు కారాయి. "నేనే జేసిన బిడ్డా. నేనే పూసిన. వానికి తెలుస్తదని తెచ్చిన, వాడు చంపిండు. నీ మొఖం జూడలేక మర్లిపోయిన. నా ఇంటికి తెచ్చుకోకపోతిని. చిన్నదానా, నన్ను తిట్టు. ఒక్క మాట తిట్టు బిడ్డా."

నాకు అర్థమైంది. ఆమె దృష్టిలో మా ఇంట్లో మచ్చలున్న పిల్ల ఒక్కతే. బావకు కూడా అర్థమైంది. మంచం అవతలి నుంచి రెండు చేతులూ జోడించాడు. "ఊఁ అను. గంతే. ఊఁ అంటే నిమ్మలంగ పోతది," అన్నట్టు పెదవులు కదిలాయి. తల ఊపమని సైగ చేశాడు. ఊఁ అనడం పెద్ద పని కాదు. ఎవరైనా అంటారు. పాలు పొయ్యి మీద పెట్టి వచ్చినవాళ్ళు కూడా అంటారు. నేను ఆమె చేతిని నా చెంప మీదే గట్టిగా నొక్కి పట్టుకొని, "నేను పెద్దదాన్నత్తా," అన్నాను.

చెయ్యి ఆగింది. "ఎవరు?"

"పెద్దదాన్ని. ఇవి నా మచ్చలు. నా చేతులు నువ్వు కట్టలేదు."

అత్త వేళ్ళు మళ్ళీ ఒకసారి అనుమానంగా చెంప మీద తిరిగాయి. తర్వాత ఆమె చెయ్యి నా చేతిలోంచి మెల్లగా లాక్కుంది, తెలియనివాళ్ళ ఇంట్లో పొరపాటున చెయ్యి పెట్టినట్టు. "పెద్దదానికి మచ్చలెక్కడియే?" అంది. ముఖం గోడవైపు తిప్పుకుంది. "ఏమిరా, చిన్నది రాలేదారా?" అని కొడుకును అడిగింది. బావ నా వైపు చూసిన చూపు కూడా నాకు గుర్తుంది. ఇంటికి చేరేదాకా నా పైటకు ఊక నుసి అంటుకొనే ఉంది, దులిపిన కొద్దీ నల్లగా చారలు పడ్డాయి. మూడోనాడు అత్త పోయింది.

దినాలయ్యాక కోదాడ పోయాను. ఫ్యాక్టరీ బస్సు దిగే చోట నిలబడ్డాను. చెల్లె దిగింది, చున్నీ కళ్ళ కిందిదాకా చుట్టి ఉంది, కనుబొమల మీద సిమెంటు తెల్లగా పట్టి ముసలిదానిలా ఉంది. అక్కడే రోడ్డు పక్కన నిలబెట్టి అత్త అన్నదంతా ఒక్క మాట పొల్లు పోకుండా చెప్పాను. అది నాది కాదు, దానికి చేరవలసిన మాట, నా దగ్గర ఉంచుకునే హక్కు నాకు లేదు. లారీలు పోతున్నాయి. "మరి నీకేమన్నదక్కా?" అంది చివరికి.

"పెద్దదానికి మచ్చలెక్కడివి అన్నది."

చెల్లె కళ్ళు చిన్నవయ్యాయి. భుజాలు కదిలాయి. నవ్వుతోందని అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. నవ్వి నవ్వి చున్నీ జారి గడ్డం కిందికి వచ్చింది, నడిరోడ్డు మీద, వెలుతురు ఉండగా. "సచ్చేదాక మారలే ముసల్ది," అంది. నేనూ నవ్వాను. ఆ తర్వాత ఇద్దరిలో ఎవరు ముందు ఏడ్చామో చెప్పలేను. చెల్లె తన చున్నీ కొసతోనే నా ముఖం తుడిచింది. ఎడమ చెంప దగ్గరికి వచ్చేసరికి అక్కడ మెల్లగా తుడిచింది. మళ్ళీ చున్నీ చుట్టుకొని ఇంటి దారి పట్టింది.

ఆ రోజు డాక్టరమ్మ దీపం ఆర్పి, "వైద్యం చేయించుకుంటే మీవి పూర్తిగా పోవుగానీ కొంత పూడతాయండీ. ఇప్పుడే చేయించుకోండి, చర్మం వదులయ్యే కొద్దీ అవి ఇంకా లోతుగా కనిపిస్తాయి," అంది. ఒద్దన్నాను. బయట ముక్కుపుడక పిల్ల, "చూపిచ్చుకున్నరా ఆంటీ?" అని అడిగింది, చూపించుకున్నానని చెప్పాను. ఇంటికి వచ్చి అద్దం ముందు నిలబడి చూస్తే డాక్టరమ్మ అన్నది నిజమే. పందొమ్మిదో ఏట ఎవరికీ కనబడని మచ్చలు ఇప్పుడు ఏడాదికేడాది పైకి తేలుతున్నాయి, చూడవలసినవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయాక.